పావు ధరకు వచ్చే పెద్ద బండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. ఎనిమిది, పదేళ్ళ వయసున్న విదేశీ ఎస్‌యూవీ ఇప్పుడు కొత్త మామూలు కారు ధరకే దొరుకుతోంది, కొనవచ్చా అని కొందరు అడిగారు. కొన్నాం, చేతులు కాలుతున్నాయి, ఏం చేయాలో చెప్పండి అని మరికొందరు రాశారు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాం. తమ బండిలో వచ్చిన ఇబ్బందులను రాసినవారి ఉత్తరాల్లోంచి కంపెనీల పేర్లు, షెడ్డుల పేర్లు తీసివేశాం.

ప్రశ్న: మాకు రైస్ మిల్లు ఉంది. నెలకు నాలుగైదు సార్లు హైదరాబాదు వెళ్ళి రావాలి. 2014 మోడల్ బెంజ్ ఎంఎల్ 350 సీడీఐ, 82 వేల కిలోమీటర్లు తిరిగినది, 14 లక్షలకు ఇస్తామంటున్నారు. అదే డబ్బుకు కొత్త కారు వస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఆ బండి కొత్తగా వచ్చినప్పుడు దాని ధర 60 లక్షలకు అటూఇటూగా ఉండేది. పదేళ్ళలో బండి ధర పావు వంతుకు పడిపోయింది గాని, దానికి వేసే బ్రేకు ప్యాడ్ల ధర, షాక్ అబ్సార్బర్ల ధర, విప్పి బిగించే పనికి తీసుకునే కూలి మాత్రం పడిపోలేదు. మీరు 14 లక్షల బండి కొంటున్నా, పోషించేది 60 లక్షల బండినే. ఈ లెక్కకు సిద్ధపడినవారికి అది చక్కని వాహనం. సిద్ధపడనివారికి రెండో ఏడాదికల్లా అది గుమ్మం ముందు కవరు కప్పుకుని నిలబడిపోతుంది.

ఇక ఇంజిన్ సంగతి. ఇందులో ఉన్నది బెంజ్ వారి ఓఎం642 అనే 3 లీటర్ల వీ6 డీజిల్ ఇంజిన్. మౌలికంగా ఇది గట్టి ఇంజిన్. నూనె సకాలంలో మారిస్తే లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. అయితే దీనికి అందరికీ తెలిసిన బలహీనత ఒకటి ఉంది. రెండు వరుసల సిలిండర్ల మధ్య ఉండే లోయలాంటి భాగంలో, టర్బో కింద, ఆయిల్ కూలర్ కూర్చుని ఉంటుంది. దాన్ని ఇంజిన్ బ్లాకుకు కలిపే చోట చిటికెన వేలంత రబ్బరు సీళ్ళు ఉంటాయి. ఏళ్ళ తరబడి టర్బో వేడికి అవి గట్టిపడి, చదునై, నూనెను ఆపలేకపోతాయి. కారిన నూనె ఆ లోయలో నిండి, వెనక్కి పారి, ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య నుంచి చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. కింద నుంచి చూసిన మెకానిక్కు అది క్రాంకు షాఫ్టు (పిస్టన్ల బలంతో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక సీలు అనుకుని గేరుబాక్సు దింపిన సందర్భాలు తక్కువేమీ కాదు. గేరుబాక్సు దింపి, సీలు మార్చి, మళ్ళీ ఎక్కించిన తరువాత కూడా చుక్క ఆగదు, ఎందుకంటే కారుతున్నది పైనుంచి. అసలు సీళ్ళ ధర బిల్లులో లెక్కలోకి వచ్చేది కాదు. వాటి దగ్గరకు చేరడానికి టర్బో, ఇన్‌టేక్ మానిఫోల్డులు (సిలిండర్లకు గాలి తీసుకెళ్ళే గొట్టాలు) అన్నీ విప్పాలి, రెండు రోజుల పని. బిల్లంతా ఆ పనిదే. మొదట్లో వచ్చిన నారింజ రంగు సీళ్ళ స్థానంలో తరువాత వేడిని బాగా తట్టుకునే ఊదా రంగు సీళ్ళు వచ్చాయి. ఈ పని ఇదివరకే అయిందా, ఏ రంగు సీళ్ళు వేశారు అని అమ్మేవారిని అడగండి. బిల్లు చూపిస్తే ఆ బండి విలువ ఒక మెట్టు పెరిగినట్టే లెక్క.

ఇదే లోయలో, టర్బో గాలి పీల్చే మూతి కింద, ఇన్‌టేక్ ఫ్లాపులను తిప్పే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. టర్బో మూతి దగ్గరి రబ్బరు సీలు సడలితే నూనె నేరుగా ఆ మోటారు మీదనే పడుతుంది. మోటారు పాడైతే ఇంజిన్ దీపం వెలిగి, బండి బలం తగ్గించుకుని, ఎక్కడో ఒక చోటికి చేరడానికి సరిపడా మాత్రమే నడుస్తుంది. కాబట్టి కూలరు సీళ్ళ కోసం విప్పినప్పుడే ఆ రబ్బరు సీలునూ మార్చమని, మోటారునూ పరీక్షించమని పట్టుబట్టండి. ఒకే విప్పుడులో అయ్యే పనిని రెండుసార్లు విప్పి చేయించుకోవడం కంటే దండగ ఖర్చు ఈ బండ్లలో మరొకటి లేదు.

కొనే ముందు చేయవలసిన పరీక్ష కూడా చెబుతాను. మీరు వెళ్ళేసరికి బండిని స్టార్టు చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. చెప్పినా సరే, వెళ్ళగానే బోనెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి, ఎందుకంటే చైను చప్పుడు, ఇంజెక్టర్ల తట్టు, పొగ, ఇవన్నీ చల్లని ఇంజిన్ మొదటిసారి తిరిగిన నిమిషంలోనే బయటపడతాయి. తరువాత లిఫ్టు మీద ఎక్కించి నేను చెప్పిన గేరుబాక్సు అతుకు దగ్గర చూడండి. చివరగా, మామూలు స్కానరుతో కాకుండా బెంజ్ వారి ఎక్సెంట్రీ సాఫ్ట్‌వేరుతో అన్ని మాడ్యూళ్ళూ (బండిలోని చిన్న చిన్న కంప్యూటర్లు) చదివించండి. లోపాల కోడ్లను తుడిచేసిన తరువాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా స్కానరులో కనిపిస్తుంది. మీటరు మీద 82 వేలు ఉండి, తుడిచిన తరువాత తిరిగినది 15 కిలోమీటర్లే అయితే, నిన్ననో మొన్ననో ఎవరో ఏదో దాచారని అర్థం.

నెలకు కనీసం వెయ్యి కిలోమీటర్లు వేసుకున్నా ఏడాదికి 12 వేలు తిరుగుతారు. లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తే 1,333 లీటర్లు కావాలి, లీటరు 95 రూపాయలు వేసుకున్నా డీజిలుకే 1.27 లక్షలు. ఒక్కసారి ఆయిల్ మార్చడానికి దాదాపు 8 లీటర్లు పడుతుంది. 1500 సీసీ దాటిన కార్లకు 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ బీమా రేటు 7,897 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. సొంత నష్టానికి చేసే బీమా దీనికి అదనం. ఇవన్నీ మీకు ముందే తెలిసే ఖర్చులు కాబట్టి భయపడవలసినవి కావు. ముందు తెలియని ఖర్చు కోసం మొదటి ఏడాదికి కనీసం 3 లక్షలు వేరే ఖాతాలో పెట్టుకోగలిగితే ఈ బండి తీసుకోండి. మీ ప్రయాణం ఎక్కువగా హైవే మీదే కావడం కూడా ఇలాంటి డీజిల్ బండికి అనుకూలమే. 14 లక్షలు పెట్టడమే గగనమయ్యే పరిస్థితి అయితే మాత్రం మీ అబ్బాయి మాటే వినండి.

ప్రశ్న: నా ఎనిమిదేళ్ళ బండికి ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండిని నిలిపే ఏర్పాటు) ఉంది. రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి ముందు ఎడమ వైపు కుంగిపోతోంది. స్టార్టు చేస్తే రెండు నిమిషాల్లో లేస్తుంది. లేస్తోంది కదా, ఇలాగే నడపవచ్చా? షెడ్డులో నాలుగు వైపులా మామూలు స్ప్రింగులు వేసేద్దామంటున్నారు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: లేస్తోంది కదా అని ఒక్క వారం కూడా ఊరుకోవద్దు. గాలి కారుతున్నది ఒక మూల నుంచే అయినా, ఆ కారిన గాలిని ప్రతి ఉదయం నింపుతున్నది కంప్రెసరు. అది కొద్ది సేపు తిరిగి ఆగడానికి తయారైన యంత్రం. రోజూ ఎక్కువ సేపు తిరిగితే వేడెక్కి, లోపలి రింగు అరిగి, చివరకు కాలిపోతుంది. అప్పుడు ఒక స్ట్రట్టు (చక్రం దగ్గర గాలి సంచితో ఉండే షాక్ అబ్సార్బరు) మార్చడంతో పోయే ఖర్చు స్ట్రట్టు, కంప్రెసరు రెండింటికీ అవుతుంది. ఎయిర్ సస్పెన్షన్ గురించి నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగానికి సగం ఇలా ఆలస్యం చేసి పెంచుకున్నవే.

ముందు లీకు ఎక్కడో తేల్చుకోండి. దీనికి స్కానరు అవసరం లేదు, దర్జీ టేపు చాలు. రాత్రి బండిని చదునైన నేల మీద, స్టీరింగు నేరుగా ఉంచి ఆపండి. ప్రతి చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండరు అంచు వరకు కొలిచి నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోండి. ఉదయం మళ్ళీ కొలవండి, అయితే తలుపు తీయకముందే కొలవాలి, ఎందుకంటే చాలా బండ్లలో తలుపు తీయగానే సస్పెన్షన్ మేల్కొని ఎత్తు సరిచేసుకుంటుంది. ఒక్క మూలే తగ్గితే ఆ స్ట్రట్టు లేదా దాని గొట్టం. ఒక ఇరుసు మొత్తం, లేదా మూలలు మారుతూ తగ్గితే నాలుగు మూలలకూ గాలి పంచే వాల్వు బ్లాకును అనుమానించాలి. ఏదీ తగ్గకుండా, లేవడం మాత్రమే ఆలస్యమైతే కంప్రెసరు బలహీనపడిందని అర్థం. మీరు రాసినదాన్ని బట్టి మొదటిదే కావచ్చు. నిర్ధారణ కోసం బండిని గరిష్ఠ ఎత్తుకు లేపి, సబ్బు నీళ్ళు పిచికారీ చేసి రబ్బరు మడతను చూడమనండి. కిందికి ఉన్నప్పుడు చీలిక మడత లోపల దాగి ఉంటుంది, పైకి లేపినప్పుడే బయటకు వచ్చి బుడగలు కనిపిస్తాయి.

స్ప్రింగులకు మార్చడం తప్పని నేను అనను. బండి వయసు పన్నెండేళ్ళు దాటి, దాని మొత్తం విలువే ఆరేడు లక్షలకు వచ్చినప్పుడు అది గౌరవప్రదమైన పరిష్కారమే. కాని మీ బండి వయసు ఎనిమిదేళ్ళే అని రాశారు. స్ప్రింగులు వేస్తే ఎత్తు మార్చుకునే సౌకర్యం పోతుంది, కంట్రోల్ యూనిట్‌లో కోడింగు సరిగా చేయకపోతే హెచ్చరిక దీపం ఎప్పటికీ వెలుగుతూనే ఉంటుంది, అమ్మబోయే రోజున బేరం తగ్గుతుంది. అసలు కంపెనీ స్ట్రట్టు ఒక్కోటి లక్షకు అటూఇటూ చెప్పవచ్చు గాని, కార్ల కంపెనీలకు సరఫరా చేసే తయారీదారులే తమ సొంత పేరుతో అమ్మేవి చాలా తక్కువకు దొరుకుతాయి. వాటిని కొని వేయించుకోండి. కంప్రెసరు కూడా మార్చవలసి వస్తే దాని రిలేను (కంప్రెసరుకు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు) తప్పకుండా కొత్తది వేయించండి. పాత రిలే కాంటాక్టులు అతుక్కుపోతే కొత్త కంప్రెసరు ఆగకుండా తిరిగి మళ్ళీ కాలిపోతుంది. పంక్చరు కోసం జాకీ ఎత్తే ముందు మెనూలో జాక్ మోడ్ (సస్పెన్షన్ తనంతట తాను ఎత్తు సరిచేసుకోకుండా ఆపేది) పెట్టాలని మీ డ్రైవరుకు కూడా చెప్పి ఉంచండి.

ప్రశ్న: పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలో ఐదేళ్ళ వయసున్న జర్మన్ ఏడు సీట్ల బండి ఉంది. మార్కెట్ కంటే 6 లక్షలు తక్కువకు ఇస్తున్నారు. లోపల చాలా శుభ్రంగా ఉంది, కొత్త కార్పెట్ వేశారు. వరదలో మునిగిన బండేమో అని మా అన్నయ్యకు అనుమానం. ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అన్నయ్య గారి అనుమానానికి బలమైన కారణం ఉంది. ఐదేళ్ళ బండికి కొత్త కార్పెట్ వేయవలసిన అవసరం మామూలుగా రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉండడం మీరు దగ్గరి నుంచి చూసే ఉంటారు. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2023 డిసెంబరులో చెన్నైలో కూడా వీధుల్లో కార్లు మునిగాయి. అలా మునిగి, బీమా కంపెనీ పూర్తి నష్టం కింద పరిష్కరించిన వాహనాలు వేలంలో అమ్ముడై, శుభ్రపడి, మరో ఊళ్ళో మళ్ళీ అమ్మకానికి రావడం జరుగుతూనే ఉంటుంది.

మామూలు కారు కంటే ఖరీదైన కారుకు నీళ్ళు ఎందుకు ఎక్కువ ప్రమాదమంటే, దాని కంట్రోల్ మాడ్యూళ్ళు చాలావరకు సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీలో స్టెప్నీ గుంతలో ఉంటాయి. అంటే మోకాలి లోతు నీరు చాలు. పైగా తుప్పు ఆ రోజే పని ఆపదు. కనెక్టరు లోపల రాగి తీగ ఆకుపచ్చగా మారడానికి నెలలు పడుతుంది. కొన్న మూడో నెలలో ఒక అద్దం దిగదు, ఐదో నెలలో గేరు పడదు, కోడ్లు రోజుకో రకంగా వస్తాయి. ఏ మెకానిక్కూ దానికి చివర చూడలేడు.

పరీక్షకు పగటి వెలుతురులో వెళ్ళండి. ముందు సీటు బెల్టును చివరి వరకు పూర్తిగా బయటకు లాగండి. చివరి రెండడుగుల మీద బురద గీత, మరక, గరుకుదనం ఉన్నాయేమో చూడండి. కార్పెట్ మార్చేవారికి బెల్టు మార్చాలని తరచూ గుర్తుండదు. తరువాత సీటును వెనక్కి నెట్టి, పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, విప్పిన గుర్తులున్నాయా చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంత మూలల్లో వేలితో తడమండి. సన్నని ఒండ్రు మట్టి వేలికి అంటితే అక్కడితో పరీక్ష ముగించవచ్చు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: చెట్టు కింద నిలిపే బండ్లలో ఆకులూ పూలూ చేరి సన్‌రూఫు నీటి గొట్టాలు మూసుకుపోయి, వాన నీరు లోపలికే దిగుతుంది. అలా వచ్చిన తడి ఉండవచ్చు గాని ఒండ్రు ఉండదు. అది బేరం తగ్గించుకోవలసిన లోపం, బండిని వదులుకోవలసిన లోపం కాదు, మాడ్యూళ్ళు తడవలేదని తేలితే.

చివరగా పాత పాలసీ నంబరు తీసుకుని క్లెయిముల చరిత్రను బీమా కంపెనీలో అడిగించండి. పాలసీ నంబరు ఇవ్వడానికి అమ్మేవారు వెనకాడితే, ఆ 6 లక్షల తగ్గింపు ఎందుకో మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: ఢిల్లీలో తొమ్మిదేళ్ళ డీజిల్ లగ్జరీ బండ్లు ఇక్కడి ధరలో సగానికే వస్తున్నాయట. తెచ్చుకోవచ్చా? పైన ఎంత ఖర్చవుతుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అక్కడ చవక కావడానికి కారణం బండ్ల నాణ్యత కాదు. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. 2025లో సుప్రీంకోర్టు దీన్ని కొంత సడలించినా, అప్పటివరకు తొమ్మిదో ఏడు రాగానే అక్కడి యజమానులు అమ్ముకోవడానికి తొందరపడేవారు. బండి మంచిదే కావచ్చు. కాని ఇక్కడికి చేరేసరికి ఆ సగం ధర సగంగా మిగలదు.

ముందుగా అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28లో అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ రావాలి. ఫైనాన్సు ఉంటే ఫారం 35తో దాన్ని కొట్టివేయించాలి. ఇక్కడికి వచ్చాక లైఫ్ ట్యాక్స్ కట్టాలి, దాన్ని మీరు కొన్న ధర మీద కాకుండా బండి కొత్తప్పటి ధరను ఆధారం చేసుకుని, వయసును బట్టి తగ్గించి లెక్కిస్తారు. 60, 70 లక్షల బండికి ఆ మొత్తం లక్షల్లోకి పోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బయానా ఇచ్చే ముందే ఆర్సీ నకలు పట్టుకుని కరీంనగర్ రవాణా కార్యాలయంలో పన్ను ఎంతవుతుందో అడిగి రాయించుకోండి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే తిరిగి రిజిస్ట్రేషన్ తప్పదని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతోంది కాబట్టి, ఢిల్లీ నంబరుతోనే తిప్పుకోవచ్చు అనే మాటను నమ్మవద్దు. ఎన్‌ఓసీ చేతికి రాకముందు పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. వాహన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ స్థితి, చలాన్లు కూడా మీరే స్వయంగా చూసుకోండి.

ప్రశ్న: నా బండి 1.1 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. గేరుబాక్సు ఆయిల్ జీవితకాలం మార్చనక్కరలేదని షోరూంలో అంటున్నారు, బయట మెకానిక్కు వెంటనే మార్చమంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెకానిక్కు మాటే నిజం. బీఎండబ్ల్యూ ఎక్స్5, ఆడి క్యూ7, రేంజ్ రోవర్ వంటి అనేక బండ్లలో ఉండే ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసేది జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ సంస్థ. నడిపే తీరును బట్టి 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళలోపు, నూనె మార్చాలని ఆ సంస్థే సిఫారసు చేస్తోంది. పెట్టె తయారుచేసినవారి మాట కంటే బండి అమ్మినవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వవలసిన పని లేదు.

అయితే ఇది మామూలు ఆయిల్ మార్పిడి కాదు. ఈ పెట్టె కింది ప్లాస్టిక్ తొట్టిలోనే ఫిల్టరు కలిసి ఉంటుంది, కాబట్టి తొట్టి మొత్తం కొత్తది వేయాలి. నింపేటప్పుడు ఇంజిన్ నడుస్తుండగా, నూనె ఉష్ణోగ్రత 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు మట్టం చూడాలి, అంటే స్కానరు పక్కనే ఉండాలి. డబ్బాతో పోసి, వేలుతో చూసి మూత బిగించే చోట ఈ పని చేయించవద్దు. ఇప్పటికే గేరు పడేటప్పుడు కుదుపు వస్తుంటే ముందు కోడ్లు చదివించాలి. క్లచ్‌లు అరిగిపోయిన పెట్టెను కొత్త నూనె బాగుచేయలేదు.

ప్రశ్న: నా ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీకి ఒక టైరు పగిలింది. మిగతా మూడూ ఇంకా 20 వేల కిలోమీటర్లు వస్తాయి. ఒక్కటే కొత్తది వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరిపోదు. కొత్త టైరుకు, సగం అరిగిన టైరుకు చుట్టుకొలతలో తేడా ఉంటుంది. రోడ్డు నేరుగా ఉన్నా చక్రాలు వేరు వేరు వేగాలతో తిరుగుతాయి. ముందు, వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ ఆ తేడాను సర్దుతూ నిరంతరం రాపిడికి గురవుతుంది. ఒక టైరు డబ్బు మిగిల్చుకోబోయి ట్రాన్స్‌ఫర్ కేసు బాగుచేయించుకున్నవారు ఉన్నారు. కనీసం ఆ ఇరుసుకు రెండు, అదే బ్రాండు, అదే నమూనా వేయించండి. కొత్తవాటికీ పాతవాటికీ గాడి లోతులో తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటుతుంటే నాలుగూ మార్చడమే మంచిది. 19, 20 అంగుళాల టైరు ఒక్కోటి 20 వేలు దాటుతుంది, నిజమే, అందుకే పాత బండి కొనేటప్పుడే నాలుగు టైర్ల మీదా ఉన్న నాలుగంకెల తేదీ చూడమని చెబుతుంటాను. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్ళు దాటిన టైర్లుంటే ఆ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.

ప్రశ్న: బీఎస్-6 డీజిల్ ఎస్‌యూవీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రోజూ నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడుపుతాను. నెలకోసారి డీపీఎఫ్ (పొగ ఫిల్టరు) దీపం వెలుగుతోంది. తీసి పారేసి సాఫ్ట్‌వేరు మార్చేస్తామని ఒక షెడ్డులో అంటున్నారు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తీయించవద్దు. బండి కాలుష్య నియంత్రణ పరికరాన్ని తొలగించడం చట్టవిరుద్ధం, బీమా విషయంలోనూ అమ్మేటప్పుడూ చిక్కులు తెస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పొగ పీల్చేది మీ వీధిలోని పిల్లలే.

డీపీఎఫ్ పొగలోని మసిని పట్టి ఉంచి, ఎగ్జాస్టు 600 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కినప్పుడు దాన్ని కాల్చి శుభ్రపడుతుంది. మీరు రోజూ నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడుపుతానని రాశారు. అంత దూరంలో ఆ వేడి ఎన్నటికీ రాదు. వారానికోసారి ట్యాంకులో పావు కంటే ఎక్కువ డీజిల్ ఉంచుకుని హైవే మీద అరగంట ఒకే వేగంతో నడపండి. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా చూడండి. మట్టం పై గీత దాటి పెరిగితే, సగంలో ఆగిపోయిన శుభ్రతా ప్రయత్నాల వల్ల డీజిల్ నూనెలో కలిసిందని అర్థం, వెంటనే ఆయిల్ మార్చాలి. ఇవన్నీ చేసినా దీపం వస్తుంటే ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్టు పొగలో కొంత మళ్ళీ ఇంజిన్లోకి పంపేది) చూపించండి. మసి ఎక్కువగా తయారయ్యే కారణం వాటిలో ఉండవచ్చు. నిజానికి ఊళ్ళోనే తిరిగేవారికి పెట్రోలు బండే తగినది.

ప్రశ్న: డిస్కవరీ 4, రేంజ్ రోవర్ స్పోర్ట్ 3 లీటర్ల డీజిల్ ఇంజిన్లలో క్రాంకు షాఫ్టు విరుగుతుందని విన్నాను. నిజమేనా? ఒకటి చూసి మనసు పడ్డాను.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిజమే, ఆ టీడీవీ6, ఎస్‌డీవీ6 ఇంజిన్ల విషయంలో ప్రపంచమంతటా తెలిసిన సమస్య ఇది. అన్ని ఇంజిన్లలో రాదు, కాని వచ్చినప్పుడు పెద్దగా హెచ్చరిక లేకుండా వస్తుంది. బేరింగు తన స్థానంలో నుంచి తిరిగి, నూనె రంధ్రం మూసుకుపోయి, క్రాంకు దెబ్బతింటుంది. ఇంజిన్ మార్చే ఖర్చు బండి విలువకు సమానం కావచ్చు. దీనికి తోడు టైమింగు బెల్టు, ఇంధన పంపు బెల్టు వయసును బట్టి మార్చి తీరాలి. పెద్ద పనులకు చాలా షెడ్డుల్లో బాడీని చాసిస్ మీద నుంచి పైకి లేపుతారు, అందుకు తగిన లిఫ్టు మీ చుట్టుపక్కల లేకపోతే బండిని బెంగళూరో హైదరాబాదో తీసుకెళ్ళాలి.

మీ మనసు విరవడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే రాళ్ళ దారిలో అంత హాయిగా కూర్చోబెట్టే బండ్లు తక్కువ. కంపెనీ పుస్తకంలో రాసిన దూరంలో సగానికే ఆయిల్ మార్చినట్టు మొదటి నుంచి బిల్లులు ఉన్న బండి దొరికితే మాత్రమే చూడండి. అప్పుడు కూడా పాత ఆయిల్ ఫిల్టరును కోసి, కాగితం మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో చూపించండి. బిల్లులు లేని బండి ఎంత మెరుస్తున్నా వద్దు.

ప్రశ్న: గత ఏడాది 17 లక్షలకు ఒక లగ్జరీ ఎస్‌యూవీ కొన్నాను. ఇప్పటికి 4.2 లక్షలు రిపేర్లకే పోయాయి. ఇంట్లో గొడవగా ఉంది. అమ్మేయనా, ఉంచుకోనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన బిల్లులన్నీ ఒక్కొక్కటిగా చూశాను. రెండు ముందు స్ట్రట్టులు, కంప్రెసరు, నాలుగు టైర్లు, గేరుబాక్సు ఆయిల్, రేడియేటరు, నీటి పంపు, ప్రధాన బ్యాటరీ. ఇవన్నీ వయసు మీద పడిన బండిలో ఒకసారి వచ్చే ఖర్చులే, వచ్చే ఏడాది మళ్ళీ రావు. అంటే ఇంతకు ముందు యజమాని వాయిదా వేసిన పనులను మీరు పూర్తి చేశారు. ఈ రోజు అమ్మితే ఆ 4.2 లక్షల ఫలితం కొనేవారికి దక్కుతుంది. ఇంజిన్, గేరుబాక్సు మీద కొత్త ఫిర్యాదు లేకపోతే ఇంకో రెండేళ్ళు ఉంచుకోవడమే లాభం. మీ బాధ నాకు అర్థమవుతోంది, ఇంట్లోవారికి ఈ లెక్క చూపించండి.

అయితే ఒక్క షరతు. మీ చివరి బిల్లులో కూలెంట్ రెండుసార్లు పోసినట్టు ఉంది, లీకు ఎక్కడో రాయలేదు. పంపు, రేడియేటరు కొత్తవైనా నీరు తగ్గుతోందంటే ఆ షెడ్డులోనే ప్రెషర్ టెస్టు చేయించి, ప్లాస్టిక్ గొట్టాల అతుకులు, హీటరు పైపులు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పై హెడ్డుకూ మధ్య ఉండే సీలు) వరుసగా తేల్చమనండి. హెడ్ గ్యాస్కెట్ అని తేలితే నా సలహా మారుతుంది, అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి. అమ్మేటప్పుడు బండి, తాళాలు అప్పగించి సంతకాలు పెట్టి ఊరుకోవద్దు. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో మీరు రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. రిజిస్టరులో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టరులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొత్త ఆర్సీ నకలు మీ చేతికి వచ్చే వరకు కన్సల్టెన్సీ దగ్గర కొంత సొమ్ము కాగితం మీద రాయించుకుని నిలిపి ఉంచండి. ప్రెషర్ టెస్టులో ఏం తేలిందో నాకు రాయండి.